కేదార్‌తాల్ ట్రెక్: బయలుదేరేముందు అందరూ అడిగే ప్రశ్నలు

గంగోత్రిలో గుడికి ఎదుటి ఒడ్డు నుంచి కేదార్‌గంగ వచ్చి భాగీరథిలో కలుస్తుంది. ఆ ఏరు పుట్టేచోటు కేదార్‌తాల్ అనే సరస్సు. దూరం తక్కువే అయినా ఎత్తు చాలా వేగంగా పెరుగుతుంది కాబట్టి ఈ ట్రెక్‌లో కాళ్ల బలం కంటే చేతిలో ఉన్న రోజులే ముఖ్యం. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

సరస్సు ఎంత ఎత్తులో ఉంది? ఎంత నడవాలి?

సరస్సు దాదాపు 4,750 మీటర్ల ఎత్తులో ఉంది. నడక మొదలయ్యే గంగోత్రి సుమారు 3,100 మీటర్లు. ఒకవైపు దూరం 17 కిలోమీటర్లు: గంగోత్రి నుంచి మొదటి క్యాంపు భోజ్‌ఖరక్ 8, అక్కడి నుంచి రెండో క్యాంపు కేదార్‌ఖరక్ 4, ఆపై సరస్సుకు 5. ఎదురుగా నిలిచేది 6,904 మీటర్ల థలయ్‌సాగర్, పక్కన 6,772 మీటర్ల భృగుపంథ్. ఆ శిఖరాలెక్కే పర్వతారోహకులకు ఈ సరస్సు ఒడ్డే బేస్ క్యాంప్.

ఇంతవరకు ఒక్క ట్రెక్ కూడా చెయ్యలేదు. నేరుగా దీనికే వెళ్లొచ్చా?

వద్దు. శరీరం 3,500 మీటర్లు దాటినప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో ఒకసారైనా తెలిసుండాలి. రాతిపలకల మీద, జారే కంకర వాలుల మీద నడిచిన అలవాటూ కావాలి. సరస్సే చూడాలని ఉంటే ఇదే ఉత్తరకాశీ జిల్లాలో 3,000 మీటర్ల ఎత్తు దగ్గర డోడీతాల్ ఉంది. దారి అడవిలో సాఫీగా సాగుతుంది. ఇంకా తేలికగా కావాలంటే సారీ గ్రామం పైనున్న దేవరియాతాల్ పూట నడక. కశ్మీర్‌లో సోన్‌మార్గ్ నుంచి నారానాగ్ దాకా వెళ్లే సరస్సుల ట్రెక్ పొడవెక్కువ, కానీ ఎత్తు మెల్లగా పెరుగుతుంది. వీటిలో ఒకటి ఇబ్బంది లేకుండా పూర్తిచేసి, మరుసటి ఏడాది కేదార్‌తాల్ పెట్టుకోవడం మేలు.

ఏ నెలలో వెళ్లాలి?

మే నెలాఖరు నుంచి జూన్ నెలాఖరు వరకు ఒక సీజను, సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు రెండోది. మే, జూన్‌లలో కేదార్‌ఖరక్ పైన మంచు మిగిలి ఉంటుంది, సరస్సు సగం గడ్డకట్టి ఉండొచ్చు. బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ అవసరం పడతాయి. పైగా అది చార్‌ధామ్ యాత్ర రద్దీ సమయం, రోడ్డు మీదే పూటలు గడుస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆకాశం శుభ్రంగా ఉంటుంది, సరస్సు గడ్డకట్టకుండా నీళ్లతో కనిపిస్తుంది. చలి మాత్రం ఎక్కువ, అక్టోబరు రాత్రుళ్లు మైనస్ 5 నుంచి మైనస్ 10 డిగ్రీల దాకా దిగొచ్చు. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే సెప్టెంబరు చివరి పది రోజులు.

జులై, ఆగస్టు ఊసే వద్దు. వానకు ఈ లోయలో రాళ్లు దొర్లుతూనే ఉంటాయి, రోడ్డుకూ గ్యారంటీ ఉండదు. 2025 ఆగస్టు 5న గంగోత్రి దారిలోని ధరాలీని ఖీర్‌గంగ వరద ముంచెత్తినప్పుడు పైకి వెళ్లే రాకపోకలే తెగిపోయాయి.

ఆఫీసులో ఎన్ని రోజులు సెలవు అడగాలి?

పది రోజులు. హైదరాబాద్ నుంచి డెహ్రాడూన్‌కు విమానంలో వెళ్లినా లెక్క ఇలా వస్తుంది. మొదటి రోజు డెహ్రాడూన్ చేరి రిషికేశ్‌లోనో అక్కడేనో బస. రెండో రోజు ఉత్తరకాశీ, పర్మిట్ పని. మూడో రోజు దాదాపు 100 కిలోమీటర్ల ఘాట్‌రోడ్డులో గంగోత్రి. నాలుగో రోజు గంగోత్రిలోనే. అయిదో రోజు భోజ్‌ఖరక్, ఆరో రోజు కేదార్‌ఖరక్, ఏడో రోజు సరస్సు చూసి మళ్లీ కేదార్‌ఖరక్. ఎనిమిదో రోజు 12 కిలోమీటర్లు దిగి గంగోత్రి. తొమ్మిదో రోజు కిందికి ప్రయాణం. పదో రోజు చేతిలో ఉంచుకోవాల్సిన రోజు: కొండచరియ విరిగి రోడ్డు ఆగినా, పైన ఒకపూట వాతావరణం చెడినా ఇదే కాపాడుతుంది.

సెలవు దొరకలేదని అందరూ ముందు కొట్టేసేది నాలుగో రోజునే. ఊరికే కూర్చునే రోజు కదా అనిపిస్తుంది. అయితే 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెరగకూడదన్నది పర్వత వైద్యంలో వాడే లెక్క. గంగోత్రి నుంచి సుమారు 3,780 మీటర్ల భోజ్‌ఖరక్‌కు వెళితే మొదటి రోజే 680 మీటర్లు పెరుగుతుంది, హద్దు అక్కడే దాటేస్తాం. ఆ అప్పు ముందే తీర్చేది గంగోత్రిలో రెండో రాత్రి. ఆ రోజు గదిలో పడుకోకుండా రెండు మూడు గంటలు పైకి నడిచి, 200-300 మీటర్లు ఎక్కి, తిరిగొచ్చి కిందే నిద్రపోవాలి.

దేనికైనా రోజు తగ్గించక తప్పకపోతే సరస్సునే వదులుకోండి, కేదార్‌ఖరక్ దాకా వెళ్లి రండి. గంగోత్రి రోజును మాత్రం ముట్టుకోవద్దు.

మన ఊళ్ల నుంచి గంగోత్రికి ఎలా చేరాలి?

రైల్లో అయితే సికింద్రాబాద్, విజయవాడ, విశాఖల నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి హరిద్వార్ లేదా డెహ్రాడూన్. అక్కడ నుంచి ఉత్తరకాశీకి బస్సులు, షేర్ జీపులు తెల్లవారుజామునే బయలుదేరతాయి. మధ్యాహ్నం దాటాక దొరకడం కష్టం. రాత్రిపూట కొండరోడ్ల మీద బండ్లు తిరగనివ్వరు కాబట్టి సాయంత్రం విమానం దిగి రాత్రికే ఉత్తరకాశీ చేరదామన్న ప్లాన్ పనికిరాదు. యాత్ర సీజన్‌లో గంగోత్రి వైపు వెళ్లేవారికి ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ అడుగుతారు. ట్రెక్కర్లమని చెప్పి వాదించేకంటే ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేసుకుని ఆ కాగితం ప్రింట్ ఉంచుకోవడం తేలిక.

పర్మిట్ ఎక్కడ తీసుకోవాలి?

సరస్సు గంగోత్రి నేషనల్ పార్క్ పరిధిలోనిది. అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. స్థానిక ఏజెన్సీ ద్వారా వెళితే వాళ్లే తీసుకుంటారు. సొంతంగా అయితే ఉత్తరకాశీలో పార్క్ కార్యాలయాన్ని పనిదినాన కలవాలి. ఆదివారం చేరి ఒక రోజు పోగొట్టుకోవడం చాలామందికి జరిగేదే. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు జిరాక్సులు మూడు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు నాలుగు, ఎంబీబీఎస్ డాక్టరు సంతకం చేసిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఫీజు, కాగితాలు వేరు. ఫీజులు మారుతుంటాయి, అక్కడ అడిగిందే లెక్క. రసీదు, పర్మిట్ వెనక్కి వచ్చేదాకా తడవకుండా జిప్ కవర్లో ఉండాలి.

గైడ్ లేకుండా వెళ్లకూడదా? దారి ఫోన్లో మ్యాప్ ఉంటుంది కదా?

మ్యాప్‌లో గీత ఉంటుంది, కానీ నిరుడు గీత ఉన్నచోట ఈ ఏడాది వాలే జారిపోయి ఉండొచ్చు. రాళ్లు పడే చోట ఏ పూట, ఎంత ఎడంతో దాటాలో స్థానిక గైడ్‌కే తెలుస్తుంది. ఎవరికైనా సుస్తీ చేస్తే ఒకరు రోగితో, ఒకరు మిగతావాళ్లతో ఉండాలి. అందుకని నలుగురైదుగురి జట్టుకు గైడ్‌తో పాటు ఒక సహాయకుడు అవసరం.

ఈ దారిలో కంచరగాడిదలు నడవవు, సామానంతా మనుషులే మోయాలి. పోర్టర్‌ను మాట్లాడుకునేటప్పుడే మోసే బరువు, రోజు కూలి, తిరుగుదారి రోజుల కూలి, తిండి, పడుకునే టెంటు ఎవరిదో తేల్చుకోండి. అతని బూట్లు, జాకెట్టు ఒకసారి చూడండి. చెప్పులతో వచ్చిన మనిషి వీపు మీదే మీ టెంటూ స్టవ్వూ కూడా ఉంటాయి. అతను ఆగిపోతే మీరూ ఆగిపోయినట్టే.

దారిలో ప్రమాదం ఎక్కడెక్కడ?

నడక మొదటి రోజు ఎక్కుడు నిటారుగా మొదలవుతుంది. గంగోత్రి ఇళ్లు దాటిన పది నిమిషాలకే ఊపిరి అందదు. కేదార్‌గంగ తాను లోతుగా కోసిన లోయలో ఎక్కడో కింద వినిపిస్తుంటుంది. భోజ్‌ఖరక్ చేరేముందు స్పైడర్ వాల్ అనే రాతిపలక వస్తుంది. ఏటవాలు బండ మీద అడుగు పట్టే గాడి సన్నగా ఉంటుంది, ఒకపక్క లోయ. పొడిగా ఉంటే జాగ్రత్తగా దాటొచ్చు. తడిగా ఉన్నా, పైన పలచటి మంచుపొర పేరుకున్నా తాడు కావాలి. ఇక్కడ ట్రెక్కింగ్ కర్రలు మడిచి బ్యాగుకు కట్టేయాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. బ్యాగు పక్కన వేలాడే మ్యాట్, బాటిల్ బండకు తగిలి మనిషిని బయటికి నెడతాయి. వాటిని లోపల పెట్టాకే అడుగు వెయ్యండి.

భోజ్‌ఖరక్ నుంచి కేదార్‌ఖరక్ నాలుగు కిలోమీటర్లే కానీ మొత్తం దారిలో మనసు పెట్టాల్సింది ఈ భాగమే. భూర్జవృక్షాలు అయిపోయాక వదులు మట్టీ రాళ్లూ కలిసిన వాలు వస్తుంది, పైనుంచి రాళ్లు పడుతుంటాయి. రాత్రి గడ్డకట్టిన నీరు రాళ్లను పట్టి ఉంచుతుంది. ఎండ తగిలి కరిగితే పట్టు వదులుతుంది. మధ్యాహ్నం గాలి లేస్తే ఇంకా ఎక్కువ. వాలు మీద మేసే భరల్ అనే కొండగొర్రెల గిట్టలకు కూడా రాళ్లు కదులుతాయి, గుంపు పైన కనిపిస్తే అది కదిలేదాకా ఆగాలి. అందుకే భోజ్‌ఖరక్ నుంచి ఆరింటికల్లా బయలుదేరి, ఎండ వాలుకు తగలకముందే దాటాలి. ఒకరి వెనక ఒకరు, 15-20 మీటర్ల ఎడంతో. ఒకరు పైకి చూస్తూ కాపలా ఉండాలి, రాయి కదిలితే గట్టిగా అరవాలి. ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఫొటోలు అవతలికి చేరాక. క్లైంబింగ్ హెల్మెట్ అద్దెకు దొరికితే తప్పకుండా తీసుకోండి. సైకిల్ హెల్మెట్ అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

చిన్న వాగులదీ ఇదే కథ. పొద్దున మోకాలి కిందకున్న నీరు, మంచు కరుగుదల వల్ల సాయంత్రానికి తొడలదాకా వస్తుంది.

నడకలో మూడో రోజు హిమానీనదం తోసుకొచ్చి పోసిన రాళ్ల గుట్టల మీదుగా నడక. కాలు పెట్టిన ప్రతి రాయీ కదులుతుంది. దారి గుర్తులుగా పేర్చిన రాళ్ల కుప్పలు పొగమంచులో కనపడవు. కేదార్‌ఖరక్ నుంచి అయిదింటికి బయలుదేరండి, పదకొండున్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి తిరగండి. సరస్సు అరగంట దూరంలో ఉన్నా సరే. ఈ మాట ముందురోజు రాత్రే జట్టంతా ఒప్పుకుని ఉండాలి. పైన అలసిన తలతో చర్చ పెడితే ఎప్పుడూ ముందుకే నిర్ణయం వస్తుంది.

ఎత్తువల్ల వచ్చే జబ్బును ఎలా గుర్తుపట్టాలి?

సరస్సు దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో దాదాపు 55 శాతం. తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, మామూలుకు మించిన నీరసం ఉంటే దాన్ని ఎత్తు జబ్బుగానే లెక్కించండి. ‘నిన్న ఎండ తగిలింది’, ‘గ్యాస్ పట్టింది’ అని సర్దిచెప్పుకునేవాళ్లే ఇక్కడ ఇరుక్కుంటారు.

లక్షణాలు స్వల్పంగా ఉంటే అదే క్యాంపులో ఆగాలి. నీళ్లు, పారాసిటమాల్, విశ్రాంతి. మరునాటికి పూర్తిగా తగ్గితేనే పైకి. తగ్గకపోయినా, పెరిగినా కిందికి.

రెండు పరిస్థితుల్లో తెల్లారేదాకా ఆగకూడదు. ఒకటి మెదడు వాపు: మనిషి తూలుతుంటాడు, మాట తడబడుతుంది, చిరాకు పడతాడు లేదా అదేపనిగా ముడుచుకుని కూర్చుంటాడు. నేల మీద గీత ఉన్నట్టు అనుకుని ఒక పాదం మడమను రెండో పాదం బొటనవేలికి ఆనిస్తూ పది అడుగులు నడవమనండి. పడిపోబోతే అనుమానం అక్కర్లేదు. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం: కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, ఛాతీలో గురగుర, తర్వాత గులాబీరంగు నురగ కఫం. ఈ రెండూ ప్రాణాంతకమే. వెంటనే, రాత్రయినా, తోడుతో కనీసం 500 నుంచి 1,000 మీటర్లు దించాలి. స్పైడర్ వాల్‌ను చీకట్లో రోగితో దాటడం మహా కష్టం. కేదార్‌ఖరక్ నుంచి రాత్రి దిగాల్సివస్తే భోజ్‌ఖరక్ దాకా దిగి అక్కడ తెల్లారనివ్వక తప్పకపోవచ్చు. అంత ఇరుకు రాకూడదంటే సాయంత్రమే, వెలుతురుండగానే ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి: తలనొప్పి ఉందా, అన్నం తిన్నావా, ఒంటేలు మామూలుగా వచ్చిందా?

డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వాడే మాత్ర) వేసుకోవాలా?

డాక్టరుతో మాట్లాడి వేసుకోవచ్చు. నివారణకు సాధారణంగా పెద్దవాళ్లకు చెప్పే మోతాదు 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎత్తు ఎక్కడానికి ముందురోజు నుంచి. ఈ ట్రెక్‌కైతే ఉత్తరకాశీలో మొదలుపెట్టాలి. మన మందుల షాపుల్లో 250 మాత్రే ఎక్కువగా దొరుకుతుంది, సగం చేసుకోవాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, ఒంటేలు ఎక్కువసార్లు రావడం మామూలే. సోడా రుచి పాడైనట్టు అనిపిస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు సొంతంగా మింగకూడదు. ఇంటి దగ్గరే ఒక రోజు వేసుకుని చూస్తే పైన కంగారు ఉండదు. వేసుకున్నాం కదా అని గంగోత్రి రోజు ఎగ్గొట్టడం కుదరదు. నిద్రమాత్రలు, మద్యం రెండూ వద్దు.

ఆక్సిమీటర్, చిన్న ఆక్సిజన్ డబ్బాలు తీసుకెళ్లాలా?

ఆక్సిమీటర్ ఉంటే మంచిదే. చల్లబడిన వేళ్లకు పెడితే తప్పుడు అంకె చూపిస్తుంది, చేతులు రుద్ది వెచ్చబడ్డాక నిమిషం ఆగి చూడాలి. 4,200 మీటర్ల దగ్గర 80ల్లో కనిపించడం సాధారణం. అంకె బాగుండి మనిషి తూలుతుంటే మనిషినే నమ్మండి. స్ప్రే డబ్బాల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే అయిపోతుంది. డబ్బు దండగ.

బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు?

అదుపులో ఉండి డాక్టరు సరేనంటే వెళ్లొచ్చు. మందులు రెండు సెట్లు చేసి ఒకటి మీ దగ్గర, ఒకటి తోటివాళ్ల బ్యాగులో పెట్టండి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, పగలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో ఉంచాలి. చలిలో గ్లూకోమీటర్ రీడింగ్ కూడా తప్పొచ్చు, దాన్నీ వెచ్చగా ఉంచండి. ఇన్‌హేలర్ చేతికందే జేబులో. గర్భిణులు, ఇటీవల గుండె చికిత్స అయినవాళ్లు ఈ ట్రెక్ పెట్టుకోవద్దు.

హైదరాబాద్‌లో ఉండి ఎలా తయారవ్వాలి?

ఎత్తుకు ఇక్కడ అలవాటు పడలేం, కాళ్లనూ ఊపిరినీ మాత్రం సిద్ధం చేసుకోవచ్చు. మూడు నెలల సమయం పెట్టుకోండి. వారానికి మూడు రోజులు అయిదారు కిలోమీటర్ల జాగింగ్, రెండు రోజులు అపార్ట్‌మెంట్ మెట్లు, ఆదివారం బరువుతో పొడవాటి నడక. ఎనిమిదో వారానికి 10 కిలోమీటర్లు 70 నిమిషాల్లో నెమ్మదిగా పరుగెత్తగలిగితే దారిలో ఉన్నట్టే.

తిరుపతి దగ్గరివాళ్లకు అదృష్టం. అలిపిరి నడకదారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 700 మీటర్ల వరకు. గంగోత్రి నుంచి భోజ్‌ఖరక్‌కు ఎక్కేది కూడా దాదాపు అంతే! ఎనిమిది కిలోల బ్యాగుతో ఆగకుండా ఎక్కి, బస్సెక్కకుండా నడిచి దిగండి. మర్నాడు మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకోండి. గంగోత్రి దారిలో మెట్లుండవు, గాలి మూడింట రెండొంతులే. అందుకని అలిపిరిలో మూడు గంటలు పట్టినవాళ్లకు అక్కడ ఆరేడు గంటలు పడితే అది వాళ్ల లోపం కాదు.

దిగుడు ప్రాక్టీసు చాలామంది చెయ్యరు. తొడ ముందు కండరాల మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడే, ఎనిమిదో రోజు 12 కిలోమీటర్ల దిగుడులో మోకాళ్లు మొరాయించేది ఇందుకే.

ఏ బట్టలు, ఏ బూట్లు?

కాటన్ బనియన్, జీన్స్ ఇంట్లోనే ఉంచండి. చెమటకు తడిసిన కాటన్ ఆరదు, ఆగిన అయిదు నిమిషాల్లో ఒళ్లు లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని పాలియెస్టర్ లేదా ఉన్ని పొర, దానిపై ఫ్లీస్, ఆగినప్పుడు వేసుకునే డౌన్ జాకెట్ (లోపల మెత్తటి ఈకలు నింపినది), అన్నిటిపైన గాలీ వానా ఆపే జాకెట్, వాన ప్యాంటు. పాంచో గాలికి ఎగిరి మొహం మీద పడుతుంది, స్పైడర్ వాల్ మీద అది ప్రమాదం. గ్లవ్స్ రెండు జతలు, సాక్సులు నాలుగు. నిద్రకు ఒక జత పొడి సాక్సు, పొడి థర్మల్ ఎప్పుడూ విడిగా ఉండాలి, ఎంత తడిసినా వాటిని నడకకు వాడకూడదు.

బూట్లు చీలమండ దాటి ఎత్తుగా, అడుగు గట్టిగా, ఒక సైజు పెద్దవి. కొన్నాక కనీసం 50 కిలోమీటర్లు నడవండి. అటకమీద ఏళ్లతరబడి పడున్న పాత ట్రెక్కింగ్ బూట్లయితే అడుగు జిగురు ఎండిపోయి మొదటి రోజే సోలు ఊడొస్తుంది. ముందు వంచి చూడండి, బ్యాగులో కొంచెం డక్ట్ టేప్, సన్నటి తాడు ఉంచండి. మంచు మీద మెరిసే ఎండకు మామూలు ఫ్యాషన్ కళ్లద్దాలు చాలవు. పక్కలు మూసుకున్న, యూవీ400 అద్దాలు లేకపోతే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది.

స్లీపింగ్ బ్యాగ్ కంఫర్ట్ రేటింగ్ మైనస్ 10 చూడండి. ‘ఎక్స్‌ట్రీమ్’ అని రాసిన అంకె ప్రాణం నిలిచే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. ఉత్తరకాశీ బజారులో అద్దె సామాను దొరుకుతుంది, జిప్పులు మూసి తెరిచి చూసుకున్నాకే డబ్బులివ్వండి.

తిండి సంగతి? అన్నం ఉడుకుతుందా?

కేదార్‌ఖరక్ ఎత్తులో నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మంటపెట్టినా అంతకుమించి వేడెక్కవు కాబట్టి మూతగిన్నెలో బియ్యం పైన మెత్తబడి లోపల పలుకుగా ఉంటుంది, కందిపప్పు అసలు ఉడకదు. ఏజెన్సీ వంటమనిషి కుక్కర్ తెస్తాడు. సొంతంగా వెళ్లేవాళ్లు అన్నం ఆశ వదిలి అటుకులు, నేతిలో తాలింపుతో సహా వేయించి తెచ్చిన బొంబాయి రవ్వ, పెసరపప్పు, సేమ్యా లాంటివాటికి దిగడం మేలు. వేయించిన రవ్వలో మరిగే నీళ్లు పోసి మూతపెట్టి, గిన్నెను జాకెట్‌లో చుడితే పది నిమిషాల్లో ఉప్మా. మనిషికి రోజుకు 600-700 గ్రాముల పొడి తిండి లెక్క వేసుకోండి. పైన ఆకలి చస్తుంది, అందుకే నోటికి హితవైనదే తీసుకెళ్లాలి: కారప్పొడి, పల్లీచిక్కి, సున్నుండలు, ఖర్జూరం.

ఆవకాయ తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి డబ్బాలో గాలి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి మూత సందులోంచి నూనె బయటికొస్తుంది. డౌన్ జాకెట్‌కు అంటిందంటే ఆ భాగంలో ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. డబ్బా పూర్తిగా నింపకుండా, రెండు జిప్ కవర్లలో పెట్టి, దారిలో రోజుకోసారి మూత వదులు చేసి బిగించండి. చిప్స్ ప్యాకెట్లు ఎలాగూ బెలూన్లవుతాయి, సూదిగుచ్చి గాలి తీసెయ్యండి.

గంగోత్రిలో మాంసం, మద్యం దొరకవు, తీసుకెళ్లకూడదు కూడా.

స్టవ్, గ్యాస్ ఎంత?

గ్యాస్ క్యానిస్టర్లను విమానంలో చేతిబ్యాగులోనూ, చెకిన్ బ్యాగులోనూ ఎక్కనివ్వరు. రిషికేశ్‌లోనో ఉత్తరకాశీలోనో కొనాలి. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినదే అడగండి. వట్టి బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, క్యానిస్టర్ నిండా గ్యాసున్నా మంట రాదు. నీళ్లు మరిగించి పోసుకునే వంటలకు మనిషికి రోజుకు 40-50 గ్రాములు చాలు, ఇద్దరికి నాలుగు రోజులకు 230 గ్రాముల క్యానిస్టర్లు రెండు. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగ్ పక్కన పెట్టుకోండి. టెంటు మూసి లోపల స్టవ్ వెలిగించకూడదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరినా వాసన రాదు. కట్టెల మంట పార్కులో నిషేధం. భూర్జవృక్షాలు అంగుళం లావెక్కడానికే ఏళ్లు పడుతుంది, ఎండుకొమ్మ అయినా ముట్టుకోవద్దు.

నీళ్లు ఎక్కడ దొరుకుతాయి?

క్యాంపుల దగ్గర దొరుకుతాయి. నడకలో ఏరు లోయలో లోతున ఉంటుంది, దిగలేం. ప్రతి పొద్దున రెండు లీటర్లు నింపుకునే కదలాలి. మొత్తం రోజుకు మూడు నాలుగు లీటర్లు, అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్. హిమానీనదం నీటిలో సన్నటి రాతిపిండి ఉంటుంది. గిన్నెలో అరగంట కదల్చకుండా ఉంచి పైతేట తీసి, మూడు నిమిషాలు మరిగించండి. క్లోరిన్ మాత్రలైతే చల్లటి నీటిలో గంట ఆగాలి. ఫిల్టర్ రాత్రి గడ్డకడితే లోపలి గొట్టాలు పగులుతాయి, బయటికి బాగానే కనిపిస్తుంది కానీ ఇక పనిచెయ్యదు. దాన్నీ పక్కలోనే పెట్టుకోవాలి.

టాయిలెట్? నెలసరి వస్తే?

నీటికి 60 మీటర్లు ఎడంగా, 15-20 సెంటీమీటర్ల గుంత తవ్వి పూడ్చాలి. కేదార్‌ఖరక్ పైన రాళ్లే కాబట్టి ఆ పని క్యాంపులోనే తీర్చుకుని బయలుదేరండి. కాగితం, వెట్ వైప్స్ వెనక్కి తేవాలి. నెలసరి వల్ల ఎత్తు జబ్బు రాదు, ట్రెక్ మానుకోవాల్సిన పని లేదు. వాడిన ప్యాడ్లు పెట్టడానికి నల్లటి జిప్ కవర్లు ఉంచుకోండి, లోపల కొంచెం టీపొడి వేస్తే వాసన రాదు.

ఫోన్ సిగ్నల్ ఉంటుందా? అమెరికా నుంచి వస్తున్నాం, గార్మిన్ ఇన్‌రీచ్ తెచ్చుకోవచ్చా?

గంగోత్రి దాటితే సిగ్నల్ ఆశించకండి. ఇంట్లో ‘ఫలానా తేదీ సాయంత్రం ఫోన్ చేస్తాం, మరుసటి రోజు మధ్యాహ్నానికీ రాకపోతే 112కు చెప్పండి’ అని గైడ్ నంబరుతో సహా రాసి ఇచ్చి వెళ్లండి.

ఇన్‌రీచ్, తురాయా, ఇరిడియం లాంటి శాటిలైట్ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో వీటితో దొరికి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. అమెరికాలోనే వదిలి రండి.

పవర్‌బ్యాంక్ చేతిబ్యాగులోనే పెట్టాలి, 20,000 ఎంఏహెచ్ చాలు. చలికి బ్యాటరీలు దిగిపోతాయి, ఫోన్ రాత్రి పక్కలో పెట్టుకుని పగలు ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి.

పైన ఉండగా వాతావరణం చెడితే?

బయలుదేరే ముందు ఉత్తరకాశీ జిల్లాకు డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం ఇచ్చే హెచ్చరికలు చూడండి. ఆరెంజ్ హెచ్చరిక ఉంటే గంగోత్రిలోనే ఆగండి. మొబైల్ యాప్‌లు చూపేది చాలాసార్లు లోయలోని ఉష్ణోగ్రత, సరస్సు దగ్గర పదేసి డిగ్రీలు తక్కువుంటుంది.

2024 జూన్ మొదటి వారంలో ఇదే ప్రాంతంలో సహస్రతాల్ సరస్సుకు వెళ్లి తిరిగొస్తున్న కర్ణాటక బృందం మంచు తుఫానులో చిక్కుకుంది, 9 మంది చనిపోయారు. జూన్ అంటే మనకు ఎండాకాలమే కానీ 4,000 మీటర్ల పైన కాదు. అందుకే సరస్సు రోజున బ్యాగు బరువని డౌన్ జాకెట్, వాన దుస్తులు, టార్చి, అల్యూమినియం ఎమర్జెన్సీ దుప్పటి క్యాంపులో వదిలి వెళ్లకూడదు. అవి పోర్టర్ దగ్గర ఉన్నా లేనట్టే లెక్క. మీ భుజం మీద ఉండాలి. వణుకుతున్న మనిషికి తడిబట్టలు మార్చి, తీపి పానీయం ఇచ్చి కదిలించాలి. చలిలో ఉంటూనే వణుకు ఆగిపోయి మగతగా ఉంటే పరిస్థితి ముదిరినట్టు: పడుకోబెట్టి, కింద మ్యాట్ వేసి, పొడిగా చుట్టి, సహాయానికి మనిషిని పంపాలి.

సరస్సు ఒడ్డున టెంటు వేసుకోవచ్చా? స్నానం?

పర్మిట్‌లో రాసిన చోటే టెంటు వెయ్యాలి. రాయకపోయినా కేదార్‌ఖరక్‌లో పడుకోవడమే తెలివైన పని. ఒడ్డున గాలికి అడ్డం లేదు, నిద్రా పట్టదు. స్నానం వద్దు: స్థానికులకు అది పవిత్ర సరస్సు, పైగా ఆ నీటిలో దిగిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లకూ అంతే.

అక్కడి నీళ్లు ఇంటికి తెచ్చుకోవచ్చా? పెద్దవాళ్లు అడిగారు.

చిన్న సీసాడు తేవచ్చు. గట్టి ప్లాస్టిక్ సీసాలో పట్టి, మూత చుట్టూ టేప్ వేసి, కవర్లో కట్టి చెకిన్ బ్యాగులో బట్టల మధ్య పెట్టండి. కిందికొచ్చేసరికి సీసా పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, మూత ఒకసారి తీస్తే సరవుతుంది. అడుగున బూడిదరంగు మడ్డి పేరుకుంటుంది, అది రాతిపిండే. తీర్థంగా ఇచ్చేట్టయితే మరిగించి చల్లార్చాకే ఇవ్వండి.